ఉన్ని కంకణము: గొఱ్ఱెను గూర్చిన లోకగాథలు



గ్రంథాలయ రజతోత్సవ సభలో గొఱ్ఱెను గూర్చి ప్రసంగమేమి యని కొందఱు నవ్వుకొనవచ్చును. బుద్ధి చాలనివానిని గొఱ్ఱె యనుట, ఆలోచన లేక ఒకరి వెంట నొకరు పోవుటను గొఱ్ఱెదాటనుట లోకమున నలవాటు. అయినను నంద్యాల నుండి ఆళ్లగడ్డకు పోవు బాటలో, కుందూ నది యొడ్డున గాని, నల్లమల పాదమున గాని, పంట కోసిన నల్లరేగడి చేలలో దిగిన మందను చూడనివారు ఈ సభలో నుండరు. ఆ మంద వెనుక భుజముపై గొంగడి, చేత కఱ్ఱ గల కాపరి నిలిచియుండును. ఆ జంతువును గూర్చి లోకమందలి జనులు ఏమేమి తలచిరో, ఆ కాపరి తాతముత్తాతలు ఏమి చెప్పుకొనిరో, ఆ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూచుటయే ఈ ప్రసంగోద్దేశము.

తెలుగున ఈ జంతువునకు పెక్కు పేర్లు కలవు. ఆడుదానిని గొఱ్ఱె యనియు, మగదానిని పొట్టేలనియు నందురు. తగరు, ఏడిక యను పాతమాటలు నిఘంటువులలో నున్నవి. రాయలసీమలో మాత్రము గొఱ్ఱెలను మేకలను కలిపి ‘జీవాలు’ అందురు. ‘వానికి నూఱు జీవాలున్నవి’ యన్న మాటలో ఎంత యర్థ మున్నదో గమనింపవలెను. బంగారము గలవాడు తులములు లెక్కించును. భూమి గలవాడు ఎకరములు లెక్కించును. కాపరి ప్రాణములను లెక్కించును. గొఱ్ఱె సొత్తు, గొఱ్ఱె ప్రాణము. ఈ రెంటిని ఒక్క మాటలో బంధించినవారు గ్రంథములు చదివినవారు కారు, మందల వెంట నడచినవారు.

గొఱ్ఱె మనుష్యుని యింటికి వచ్చి పదివేల యేండ్లు దాటినది. పశ్చిమాసియా కొండలలో తిరుగు అడవిగొఱ్ఱెను అచ్చటి జనులు మొట్టమొదట మచ్చిక చేసికొనిరని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. అది పెంపుడు జంతువులలో కుక్క తరువాత మిక్కిలి ప్రాచీనమైన వానిలో నొకటి. దక్షిణాపథమున సుమారు 5,000 ఏండ్ల క్రిందటి నవీన శిలాయుగపు నివాసములను త్రవ్విన చోట్ల ఆవుల యెముకలతో పాటు గొఱ్ఱె మేకల యెముకలును దొరకినవి. వరి చేలు, కాలువలు, కోటలు, గుడులు ఇవి యేవియు లేని కాలముననే ఈ నేలపై మంద తిరిగినదన్నమాట.

ఇంతకాలము కలిసి జీవించిన జంతువును గూర్చి కథలు పుట్టకుండుట అసాధ్యము. దేశదేశముల గాథలను కలిపి చూచినచో గొఱ్ఱెకు మూడు గుర్తులు కనబడును. అవి కొమ్ము, నెత్తురు, ఉన్ని. కొమ్ము బలమునకు గుర్తు; నెత్తురు బలికి గుర్తు; ఉన్ని సంపదకు గుర్తు. ఒక్కొక్క జాతి ఒక్కొక్కదానిని ముఖ్యముగా గ్రహించినది.

మొదట కొమ్మును చూతురు గాక. పంచాంగము తెఱచినచో పండ్రెండు రాసులలో మొదటిది మేషము. పూర్వము గ్రీకు జ్యోతిష్కులు రాసులను లెక్కించు కాలమున, వసంత ఋతువులో పగలు రేయి సమానమైన దినమున సూర్యుడు మేషములో నుండెను. కనుక సంవత్సరమునకు ముందు నడచునది పొట్టే లయినది. మందకు ముందు నడచునదియు పొట్టేలే గదా! భూమి యిరుసు మెల్లగా తిరుగుటచే ఆ లెక్క ఇప్పుడు మాఱినది. పగలు రేయి సమానమగుట మార్చి 20, 21 తేదీలలోను, పంచాంగపు మేష సంక్రమణము ఏప్రిల్ 14 ప్రాంతమునను వచ్చుచున్నవి. అయినను మొదటి స్థానము పొట్టేలిదే. తమిళులు ఆ సంక్రమణముతోనే సంవత్సరాదిని జరుపుకొందురు.

ఆగ్నేయ దిక్కునకు అధిపతియగు అగ్నిహోత్రునకు వాహనము పొట్టేలు. శిల్పశాస్త్రము నెఱిగినవారు దిక్పాలకులను చెక్కునపుడు ఇంద్రునకు ఏనుగును, యమునకు దున్నను, అగ్నికి పొట్టేలును ఇత్తురు. రాతిపనికి పేరొందిన ఆళ్లగడ్డ శిల్పులకు ఈ లక్షణము క్రొత్త కాదు. సముద్రముల కావల పశ్చిమాఫ్రికాలో యోరుబా జనులు పిడుగుల దేవతయగు షాంగోను కొలుతురు. ఆయనకు ప్రీతియైన జంతువును పొట్టేలే. ఈ రెండు దేశములకు నడుమ రాకపోకలు లేవు. అయినను రెండు పొట్టేళ్లు వెనుకకు నడచి, పరుగున వచ్చి, తలలు ఢీకొన్నప్పుడు వినబడు చప్పుడును విన్నవానికి నిప్పును పిడుగును తలపునకు వచ్చుటలో వింత లేదు.

ప్రాచీన ఐగుప్తు దేశమున ఖ్నూము అను దేవుడు పొట్టేలి తల గలవాడు. ఆయన కుమ్మరి. నైలునది మన్నును సారెపై నుంచి మనుష్యులను చేసెనని ఆ జనుల నమ్మకము. ఆ దేశపు దేవతలలో ఘనుడైన ఆమోనునకు వంకర తిరిగిన పొట్టేలి కొమ్ములు గుర్తు. కర్ణాకునందలి ఆయన గుడి యెదుట పొట్టేలి తలలు గల సింహముల విగ్రహములు బారులు తీరి నేటికిని నిలిచియున్నవి. క్రీస్తుకు పూర్వము 323లో అలెగ్జాండరు మరణించిన పిదప, ఆయన సేనాని లైసిమాకసు ముద్రించిన నాణెములపై అలెగ్జాండరు తలకు సయితము ఆ కొమ్ములే చెక్కించెను.

ఆ ఆమోను కొమ్ము అహోబిలమున కొలువైన విష్ణుభక్తుల పూజామందిరములలో సయితము ఒక విధముగా నున్నదనిన ఆశ్చర్యము కలుగవచ్చును. కోట్ల యేండ్ల క్రిందట సముద్రములలో జీవించి రాయిగా మాఱిన ఒక తెగ ప్రాణుల గుల్లలు పొట్టేలి కొమ్మువలె చుట్టలు చుట్టుకొని యుండును. ఐరోపా శాస్త్రజ్ఞులు ఆమోను పేరు మీదుగా వానికి అమ్మోనైటులని పేరిడిరి. నేపాళ దేశపు గండకీ నదిలో దొరకు సాలగ్రామములు అట్టి శిలలే. ఒకే చుట్టను చూచి ఒక దేశమువారు పొట్టేలి కొమ్మనిరి. ఇంకొక దేశమువారు విష్ణుచక్రమనిరి. చూచినది ఒకటే, చూచిన కన్నులు వేఱు.

బలమునకు గుర్తైన కొమ్ము గర్వమునకును గుర్తు. పంచతంత్రమున రెండు పొట్టేళ్లు పోరాడుచుండగా నడుమ కారిన నెత్తురును నాకబోయి నలిగి చచ్చిన నక్క కథ యున్నది. ఓరుగంటి వీథులను వర్ణించిన క్రీడాభిరామమున పొట్టేళ్ల పోరు కనబడును. కొండతో ఢీకొన్న పొట్టేలు సామెత ఎఱుగని తెలుగువాడు లేడు. బలమును మెచ్చుకొనుచునే దాని మితిని చెప్పుట జానపదుల నేర్పు.

ఇక నెత్తురు మాట. దేవుని యాజ్ఞను శిరసావహించి తన కుమారుని బలి యీయ సిద్ధపడిన ఇబ్రాహీము కథ యూదులకును, క్రైస్తవులకును, ముస్లిములకును పూజ్యమైనది. కడపటి క్షణమున దేవుడు పొట్టేలును చూపి బిడ్డను కాపాడెను. ఆ కథను స్మరించియే బక్రీదు పండుగ జరుగును. నంద్యాల పట్టణమున ఆ దినమున ఈద్గాకు పోవు జనసమూహమును అందఱు నెఱుగుదురు. బలియిచ్చిన దానిని మూడు భాగములు చేసి, ఒకటి యింటికి, ఒకటి బంధుమిత్రులకు, ఒకటి పేదలకు పంచుట ఆ పండుగ మర్యాద. నెత్తురు కథ అన్నదానముతో ముగియుట గమనింపదగినది.

యూదులు నూతన సంవత్సరమున పొట్టేలి కొమ్మును ఊదుదురు. క్రైస్తవులు ఏసుక్రీస్తును దేవుని గొఱ్ఱెపిల్ల యందురు; ఆయననే మంచి కాపరి యనియు నందురు. నూఱింటిలో తప్పిపోయిన ఒక్క గొఱ్ఱె కొఱకు తొంబది తొమ్మిదింటిని విడిచి వెదుకబోయిన కాపరి కథ బైబిలున నున్నది. పందొమ్మిదవ శతాబ్దిలో ఆళ్లగడ్డ సమీపమందలి ముత్యాలపాడున ఇంగ్లండు మిషనరీలు స్థిరపడినప్పుడు, వారు చెప్పిన కథలలో ఈ సీమ పల్లెవారికి వ్యాఖ్యానము అక్కఱలేని కథ యిదియే యైయుండును. వెన్నెల రాత్రి తప్పిపోయిన జీవమును వెదకుచు వాగులు వంకలు తిరిగిన కాపరి ప్రతి యూరిలోను కలడు.

గ్రామదేవతల జాతరలలో పొట్టేలును బలియిచ్చు నాచారము తెలుగుదేశమున చిరకాలముగా నున్నది. అందొక విశేషము కలదు. పొట్టేలిపై పసుపునీరు చల్లి, అది ఒడలు విదిలించునంతవఱకు జనులు కాచుకొందురు. విదిలించినచో అమ్మవారు అంగీకరించినట్లు. పూర్వపు గ్రీకులును బలిపశువు తలపై నీరు చల్లి, అది తల యూచినచో సమ్మతించినట్లు భావించిరి. రెండు వేల క్రోసుల దూరమున రెండు జాతులకు ఒకే సంశయము కలిగినది. నోరులేని ప్రాణమును దాని యనుమతి లేక తీయవచ్చునా? ఒడలు విదిలించుట అనుమతియా కాదా యను ప్రశ్న అటుండనిండు. ఆ ప్రశ్న మనస్సున నుండబట్టియే ఆ యాచారము పుట్టినది.

ఈ విషయమునందు తెలుగు సామెతకున్న సూటితనము గ్రంథములకు లేదు. గొఱ్ఱె కసాయివానినే నమ్మును అందురు. ఈ సామెతను గొఱ్ఱె తెలివితక్కువకు ఉదాహరణముగా వాడుట పరిపాటి. ఇంకొక ప్రక్క నుండి చూచినచో అది నమ్మకమునకు ద్రోహము చేయువానిని గూర్చిన సామెత. తప్పు నమ్మినదానిది కాదు.

వాతాపి కథ యీ భావమును తలక్రిందులు చేయును. రామాయణమున చెప్పినట్లు, వాతాపి యను రాక్షసుడు పొట్టేలి రూపము దాల్చును. అన్నయగు ఇల్వలుడు దానిని వండి అతిథులకు పెట్టును. తిన్నవారి కడుపు చీల్చుకొని వాతాపి బయటికి వచ్చును. అగస్త్యమహర్షి మాత్రము తిని జీర్ణము చేసికొనెను. నేటికిని తెలుగు తల్లులు పాలుత్రాగిన బిడ్డ కడుపు నిమురుచు వాతాపి జీర్ణము కావలెనని పలుకుదురు. సాధువని తలచిన పొట్టేలిలో మోసము దాగవచ్చునని ఒక కథ; గర్వము చెడిన దక్షునకు మేక తలయో పొట్టేలి తలయో అతికి, శివుడు తిరిగి ప్రాణము పోసెనని మఱొక కథ. వీరభద్రుని విగ్రహము ప్రక్కన చేతులు జోడించి నిలిచిన ఆ మూర్తిని పలుచోట్ల చూడవచ్చును.

మూడవది ఉన్ని. ఋగ్వేదమున పూషుడను దేవుడు మార్గములకును పశువులకును రక్షకుడు. ఆయన గొఱ్ఱె ఉన్నితో వస్త్రములు నేయునని ఋషులు వర్ణించిరి. సోమరసమును వడగట్టినది గొఱ్ఱె ఉన్ని జల్లెడతోనే. గాంధార దేశపు గొఱ్ఱెల దట్టమైన ఉన్ని ఆనాడే ప్రసిద్ధము. ఆ పవిత్రభావము తెలుగిండ్లలో నేటికిని నిలిచియున్నది. నూలుబట్ట తాకిన మైలపడును. ఉన్నిబట్ట మైలపడదని పెద్దల నమ్మకము. అందుచే మడికి ధావళి కట్టుదురు. ఆచారవంతుల పూజామందిరము వఱకు నిస్సంకోచముగా పోయిన ఆ ఉన్నిని పెంచినవాడు, కత్తిరించినవాడు, వడకినవాడు మాత్రము పలుకాలములు గడప బయటనే నిలిచెను. ఇది తలచుకొని సిగ్గుపడవలసిన మాట.

శతపథ బ్రాహ్మణమున ఊర్వశీ పురూరవుల కథ యున్నది. దేవలోకపు అప్సరస భూలోకపు రాజును వరించి వచ్చినప్పుడు ఆమె మంచము ప్రక్కన రెండు గొఱ్ఱెపిల్లలు కట్టబడియుండెను. గంధర్వులు రాత్రివేళ వానిని దొంగిలింపగా, తన బిడ్డలను కొనిపోవుచున్నారే, కాపాడువాడు లేడా యని ఆమె వాపోయెను. ఆ గొఱ్ఱెపిల్లలు పోవుటతోనే కాపురము చెడి ఆమె తిరిగి స్వర్గమునకు పోయెను. ఇల్లు నిలుచుటకు జీవము నిలువవలెనను భావము ఇంత ప్రాచీనమైనది.

గ్రీకుల గాథలలో బంగారు ఉన్ని గల పొట్టేలు కలదు. అది ఇద్దఱు పిల్లలను సవతితల్లి బాధ నుండి తప్పించి ఆకాశమార్గమున కొనిపోయెను. దాని ఉన్ని కొఱకు వీరులు ఓడయెక్కి నల్లసముద్రపు తూర్పుతీరమందలి కొల్కిసు దేశమునకు పోయిరి. ఆ దేశపు ఏఱులలో గొఱ్ఱెతోళ్లు పఱచి, వాని ఉన్నిలో చిక్కిన బంగారు రజను ఏఱుకొందురని స్త్రాబో యను భూగోళరచయిత వ్రాసి, ఆ కథకు అదియే మూలమనెను. ఇంగ్లండు ప్రభువుల సభలో అధ్యక్షుడు కూర్చుండు పీఠము ఉన్ని నింపిన మెత్త. ఆ దేశపు కలిమి ఉన్ని వర్తకముచే పెరిగినదనుటకు పదునాలుగవ శతాబ్దినాటి గుర్తది.

చీనాదేశపు లిపిలో అక్షరములు బొమ్మల నుండి పుట్టినవి. కొమ్ములు గల గొఱ్ఱె బొమ్మ క్రింద ‘పెద్ద’ యను గుర్తు నుంచినచో అందమని యర్థము. ‘నేను’ అను గుర్తుపై గొఱ్ఱె గుర్తు నుంచినచో ధర్మమని యర్థము. మోకాళ్లపై వంగి పాలుత్రాగు గొఱ్ఱెపిల్లను చూపి, తల్లియెడ వినయమునకు అదియే మాదిరి యని ఆ దేశపు పెద్దలు పిల్లలకు చెప్పుదురు.

ఇన్ని దేశములు తిరిగిన పిదప స్వదేశమునకు రావలెను. గొఱ్ఱె యెట్లు పుట్టినదని దానిని పెంచువారిని అడిగినవారు కొలదిమంది. ఎడ్గర్ థర్స్టన్ అను దొర, రంగాచారిగారి సాయముతో దక్షిణదేశపు కులములను గూర్చి 1909లో ఏడు సంపుటములు ప్రకటించెను. అందు కురుబలు చెప్పుకొను ఒక కథ వ్రాయబడినది. దాని సారాంశమిది.

తూర్పు కొండలలో మాసిరెడ్డి, నీలమ్మ యను దంపతులు కట్టెలమ్మి బ్రతుకుచుండిరి. వారికి ఆర్గురు కొడుకులు. శివుడు జంగము వేషమున వచ్చి విభూతి యిచ్చి, మఱియొక కొడుకు కలుగునని, వానివలన కలిమి వచ్చునని దీవించెను. అట్లు పుట్టినవాడు ఉండల పద్మన్న. ఇల్లు బాగుపడెను. అన్నలు సేద్యము చేయుచుండ పద్మన్న ఏ పనికిని పోడయ్యెను. అన్నలకు కోపము వచ్చి, పాముపుట్టను కప్పియున్న పొదకు నిప్పు పెట్టి రమ్మని వానిని పంపిరి. పాము కఱచి చచ్చునని వారి తలంపు. పద్మన్న నిప్పు పెట్టెను. పుట్టనుండి పాము రాలేదు. లెక్కకు మిక్కిలియైన నల్లని గొఱ్ఱెలు వెలువడెను. ఎన్నడు చూడని ఆ జంతువులను చూచి పద్మన్న భయపడి పరుగెత్తెను. అప్పుడు శివుడు ప్రత్యక్షమై, ఇవి నీ జీవనమునకై పుట్టినవి, వీనిని పెంచుకొని వీని పాలతో బ్రతుకుమని చెప్పి, పాలు పిదుకుటయు కాచుటయు నేర్పెను.

పాలు కాచుటకు నిప్పు కావలసివచ్చెను. నిప్పు కొఱకు పద్మన్న రాక్షసులున్న దూరపు పట్టణమునకు పోయెను. అచ్చట చెఱలో నున్న ఒక బ్రాహ్మణ కన్య అతనిని వలచి, అతనిని బల్లిగా మార్చి కాపాడెను. ఇరువురును తప్పించుకొని మందను చేరిరి. అతడు తన కులపు కన్యను కూడ పెండ్లాడెను. ఇద్దఱు భార్యలకును కొడుకులు కలిగిరి. వారి పెండ్లిండ్లలో ఒకరి కొడుకులకు నూలు కంకణమును, రెండవ యామె కొడుకులకు ఉన్ని కంకణమును కట్టిరి. కురుబలలో పత్తి కంకణమువారు, ఉన్ని కంకణమువారు అను రెండు శాఖలు అట్లేర్పడినవని పెద్దలు చెప్పుదురు.

ఈ కథను ముందు చెప్పినవానితో పోల్చి చూడవలెను. అగ్నికి వాహనమైన జంతువు ఇచ్చట నిప్పు నుండియే బయటికి వచ్చినది. అయినను ఇది బలమును గూర్చిన కథ కాదు. చంపుటకు పంపిన చోట జీవనము దొరకినది గాని ఇది బలిని గూర్చిన కథయు కాదు. సంపద వచ్చినది గాని అది కొల్లగొట్టిన బంగారు ఉన్ని కాదు. మంద దేవుడిచ్చినది, పెంచుట నేర్చుకొన్నవానికే అది దక్కినది. తీసికొమ్మనుటకు ముందు దేవుడు పెంచుమనెను. ‘జీవాలు’ అను మాటకు ఈ కథయే వ్యాఖ్యానము.

మఱియొక విశేషము. సేద్యము చేయు అన్నలు, మందను కాయు తమ్ముడు ఒక తల్లి బిడ్డలు. పత్తి కంకణము, ఉన్ని కంకణము ఒక తండ్రి కొడుకుల చేతులకు కట్టినవి. సేద్యగాడును కాపరియు ఒకే యింటివారని ఈ కథ చెప్పుచున్నది. ఈ భావము ఈ ఒక్క కథలోనే గాక ఈ సీమ దైవములను గూర్చిన గాథలు కొన్నిటను కలదు. తెలుగువారి మల్లన్నకు బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ యిద్దఱు భార్యలు. మహారాష్ట్రులు ఖండోబా యని కొలుచు ఆ దేవునికే వర్తకుల బిడ్డ మ్హాళ్సా, కాపరుల బిడ్డ బాణాయి భార్యలు. మైలారలింగని భక్తులగు గొరవయ్యలు ఎలుగుబంటి బొచ్చు టోపీ, నల్ల కంబళి ధరించి, ఢమరుకమును పిల్లనగ్రోవిని వాయించుచు కర్నూలు ప్రాంతపు పల్లెలలో తిరుగుదురు. అహోబిల నరసింహస్వామి లక్ష్మీదేవి యుండగనే నల్లమల చెంచుల యాడుబిడ్డను పెండ్లాడెను. సంక్రాంతి వెళ్లిన పిదప పారువేటకు బయలుదేఱి, నలుబది దినములకు మించి ఆళ్లగడ్డ ప్రాంతపు పల్లెలు తిరిగి, తన కల్యాణమునకు రమ్మని స్వామియే జనులను పిలుచును. అడవి, మంద, చేను విడివిడిగా బ్రతుకజాలవని ఈ గాథల తాత్పర్యము.

ఇది కేవలము భక్తిమాట కాదు, బ్రతుకు లెక్క. నంద్యాల నల్లరేగడి పత్తికి ప్రసిద్ధి. పంట తీసిన చేనిలో కాపరి రాత్రివేళ మందను నిలుపును. జీవాలు మోళ్లను, ఆకును మేయును. వాని పెంట, మూత్రము చేనికి బలమగును. రైతు కాపరికి గింజలో పైకమో యిచ్చును. చేను మందను పోషించును. మంద చేనిని పోషించును. పత్తి కంకణమునకును ఉన్ని కంకణమునకును ముడి పడినది ఈ చేలలోనే. ఆ ముడి తెగినచో కలుగు కీడు కాటమరాజు కథలలో కనబడును. అవి ఆలమందల కథలు. గడ్డికి కట్టవలసిన పుల్లరి విషయమున నల్లసిద్ధితో కలహము కలిగి, అది యుద్ధమై ఇరుప్రక్కల వీరులు నేలకూలిరి.

నేడు ఆ ముడి సడలుచున్నది. పందొమ్మిదవ శతాబ్దిలో త్రవ్విన కర్నూలు కడప కాలువ క్రిందను, పిదప వచ్చిన శ్రీశైలపు నీటి క్రిందను పంట వెంట పంట వచ్చుచుండ, మోళ్లు మిగులు దినములు తగ్గినవి. ఎరువు సంచులలో దొరకుచుండ, మందను పిలుచువారు తగ్గిరి. నల్లమలలో పులుల రక్షణకై 1983లో పథకము వచ్చిన పిదప అడవిమేత కష్టమైనది. నీరు రాకూడదనియు, పులి చావవలెననియు ఎవ్వరును అనరు. ఒక మేలు జరుగునపుడు ఎవరి త్రోవ మూసికొనిపోవుచున్నదో చూడవలెనని మాత్రమే చెప్పవలసియున్నది.

గొఱ్ఱెలు తగ్గినవా? లేదు. 2019 పశుగణన ప్రకారము దేశమున సుమారు 7 కోట్ల 42 లక్షల గొఱ్ఱెలుండగా, తెలంగాణమున సుమారు 1 కోటి 90 లక్షలు, ఆంధ్రప్రదేశమున సుమారు 1 కోటి 76 లక్షలు కలవు. దేశపు గొఱ్ఱెలలో దాదాపు సగము తెలుగువారి మందలలోనే యున్నవి. తగ్గినది గొఱ్ఱె కాదు, ఉన్ని. పద్మన్న పుట్టనుండి వెలువడినవి నల్లగొఱ్ఱెలు. ముతక ఉన్ని గల దక్కని జాతి నల్లగొఱ్ఱెలకు బదులు, ఉన్నిలేని నెల్లూరు జాతి పొడవుకాళ్ల గొఱ్ఱెలు మందలలో నిండుచున్నవి. మాంసమునకు ధర కలదు, ఉన్నికి లేదు. కత్తిరించు కూలికి సయితము ఉన్ని వెల చాలదు. గొంగడి నేయు మగ్గములు మూలబడినవి. చలికి, వానకు, పడకకు, పెండ్లిపీటకు ఒక్క గొంగడియే చాలిన యిండ్లలో మిల్లు దుప్పట్లు చేరినవి.

ఇందులో కాపరి తప్పు లేదు. బిడ్డల చదువునకు పైకము తెచ్చు జీవమును పెంచుట వాని ధర్మము. కాని ఒకటి ఆలోచింపవలెను. కొమ్ము కథ చెప్పుటకు పొట్టేలు కలదు. నెత్తురు కథ చెప్పుటకు పండుగలు కలవు. ఉన్ని కథ చెప్పుటకు ఉన్ని యేది? పెండ్లిలో కట్టుటకు ఉన్ని దారము అంగడిలో కొనవలసివచ్చిన నాడు, ఆ దారము ఎందులకు కట్టుచున్నారని చిన్నవాడు అడిగినచో, చెప్పు ముదుసలి యింటిలో లేకున్నచో, ఆ కంకణము వట్టి దారమే యగును.

ఇచ్చటనే గ్రంథాలయపు పని మొదలగుచున్నది. కర్నూలున జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, అయ్యంకి వెంకటరమణయ్యగారు మున్నగు పెద్దలు గ్రంథాలయోద్యమమును నడపినది పుస్తకములను బీరువాలలో దాచుటకు కాదు. జ్ఞానమును పల్లెకు తెచ్చుటకు. పల్లెలో పుట్టిన జ్ఞానమును పుస్తకములోనికి ఎక్కించుటయు ఆ యుద్యమపు రెండవ సగము. ఉండల పద్మన్న కథ ఇంగ్లీషున అచ్చయి నూఱేండ్లు దాటినది. లండను గ్రంథాలయములలో నది దొరకును. ఆ కథను తాతనోట విన్న కాపరి నివసించు పల్లెలో, ఆ పల్లె గ్రంథాలయమున, ఆతని మాటలలో వ్రాసిన ప్రతి యొక్కటియైన నుండవలదా?

దీనికి పెద్ద ధనము అక్కఱలేదు. ఒక దళసరి నోటుపుస్తకము చాలును. చదువుకొన్న పిల్లలు సాయంకాలము మంద దిగిన చేనికి పోయి, పెద్ద కాపరిని కూర్చుండబెట్టి, గొఱ్ఱెలను రంగును బట్టి, చెవిని బట్టి, కొమ్మును బట్టి ఏ యే పేర్లతో పిలుతురో, ఏ రోగమునకు ఏ యాకు పెట్టుదురో, ఏ వాగు వెంట ఏ నెలలో ఏ యూరికి మంద పోవుచుండెనో, గొంగడి నేతలో ఏ పనికి ఏ మాటయో, పద్మన్న కథను ఆ యింట ఎట్లు చెప్పుదురో వ్రాసికొనవలెను. కథ ఒక్కొక్క యింట ఒక్కొక్క తీరుగా నుండును. అన్నియు వ్రాయవలెను, ఏదియు తప్పని కొట్టివేయరాదు. చెప్పినవారి పేరు పుటపై నుండవలెను.

మంద పోవు త్రోవను తిరిగి తెఱచుట ప్రభుత్వముల పని. ఉన్నికి ధర తెచ్చుట వర్తకుల పని. జ్ఞాపకమును నిలుపుట గ్రంథాలయపు పని. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము ఊరివారిని పుస్తకముల యొద్దకు పిలిచినది. ఇక మీదట పుస్తకమే కొంగు బిగించి మంద యొద్దకు పోవలెను. పత్తినూలుతో కుట్టిన ఆ నోటుపుస్తకములో ఉన్ని కథ చేరిన నాడు, అన్నదమ్ముల రెండు కంకణములు తిరిగి ఒక్క చేత కట్టినట్లగును.